కుముదినీదేవి కూర్చున్న కుర్చీ: హైదరాబాద్ మహిళా కార్పొరేటర్లకు బహిరంగ లేఖ

నగరంలో కార్పొరేటర్లుగా పనిచేసిన, పనిచేస్తున్న, రేపు నామినేషన్ వేయబోయే అక్కలకు, చెల్లెళ్ళకు,

నమస్కారం.

నేను ఈ నగరంలో ఓటున్న ఒక మామూలు మహిళను. ఏ పార్టీతోనూ సంబంధం లేదు. వార్డులో మిమ్మల్ని అందరూ అక్కా అనే పిలుస్తారు కాబట్టి, ఆ చనువుతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను. విషయం రాణీ కుముదినీదేవి గారి గురించి. 1962లో హైదరాబాద్ మేయర్ అయిన తొలి మహిళ ఆవిడ. ఆవిడ పేరు చెబితే ఈ తరంలో ఎక్కువమందికి తెలియదు. వనపర్తి వైపు పెద్దవాళ్ళకు రాణీగారిగా గుర్తు, కూకట్‌పల్లి శివానంద ఆశ్రమం చుట్టుపక్కల పాతవాళ్ళకు అమ్మగారిగా గుర్తు. మేయర్‌గా మాత్రం గుర్తుపెట్టుకున్నవాళ్ళు తక్కువ. మీరు వెళ్ళి కూర్చునే కౌన్సిల్‌లో ఆడవాళ్ళకు దారి వేసిన మనిషి జీవితం మీకు తెలిసి ఉండాలని నా కోరిక. తెలిస్తే మీ పదవిని మీరు చూసే చూపు మారుతుందని గట్టిగా నమ్ముతున్నాను.

కుముదినీదేవి 1911 జనవరి 23న వరంగల్ ప్రాంతంలోని వడ్డేపల్లిలో పుట్టారు. తండ్రి పింగళి వెంకటరమణారెడ్డి. నిజాం పాలన చివరి రోజుల్లో హైదరాబాద్ రాజ్యానికి ఉప ప్రధానిగా చేసిన మనిషి ఆయన. ఆవిడ పుట్టిన కాలం ఎలాంటిదో ఒక్కసారి ఊహించుకోండి. అంతకు మూడేళ్ళ ముందు, 1908 సెప్టెంబరులో, మూసీ పొంగి నగరాన్ని ఊడ్చేసింది. ఆ దెబ్బకే 1912లో నగరాభివృద్ధి కోసం ఒక బోర్డు పెట్టారు, ఆ తర్వాత ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. వరద నీరు, తాగునీరు, మురుగు, ఇరుకు బస్తీలు అనే నాలుగు సమస్యల చుట్టూ నగర పాలన ఒక రూపం తెచ్చుకుంటున్న రోజులవి. ఇప్పటికీ మీ కౌన్సిల్‌లో గొడవలు ఆ నాలుగింటి మీదే కదా.

వనపర్తి రాజా రామ్‌దేవ్‌రావు గారితో ఆవిడకు చిన్న వయసులోనే పెళ్ళయింది. వనపర్తి అంటే నిజాం రాజ్యంలో పెద్ద సంస్థానాల్లో ఒకటి. అక్కడి రాజభవనంలో ఇప్పుడు పాలిటెక్నిక్ కాలేజీ నడుస్తోంది. పరదా, పరివారం, పనివాళ్ళు అన్నీ ఉన్న ఇంటి కోడలు ఎటూ కదలకుండా జీవితమంతా సుఖంగా గడిపేయొచ్చు. ఎవరూ ఏమీ అడగరు. ఆవిడ అలా గడపలేదు.

నేను మీకు అన్నిటికంటే ముందు చెప్పాలనుకున్నది ఆవిడ మేయర్ కాకముందు చేసిన పని గురించి. రిషికేశ్‌లోని స్వామి శివానందకు ఆవిడ శిష్యురాలు. ఆయన పేరు మీదే 1958లో కూకట్‌పల్లిలో కుష్ఠు రోగుల కోసం ఒక ఆశ్రమం మొదలుపెట్టారు. శివానంద పునరావాస కేంద్రం. 1958లో కుష్ఠు అంటే ఏమిటో ఈ రోజుల్లో చెబితే గానీ అర్థం కాదు. ఒంటి మీద పాలిపోయిన మచ్చ వచ్చి, దాని మీద స్పర్శ తెలియకపోతే ఆ మనిషి పని అయిపోయినట్టే. ఇంట్లో కంచం వేరు, మంచం వేరు, కొన్నాళ్ళకు ఊరే వేరు. 1898 నాటి కుష్ఠు రోగుల చట్టం ఇంకా పుస్తకాల్లో ఉంది. దాన్ని రద్దు చేసింది 2016లో. భర్తకో భార్యకో కుష్ఠు ఉందన్న కారణం మీద విడాకులు తీసుకునే వీలును తీసేసింది 2019లో, అంటే నిన్నమొన్న. అప్పట్లో మందు అంటే డాప్సోన్ బిళ్ళలు. వాటిని ఏళ్ళ తరబడి మింగుతూనే ఉండాలి. ఆరు నెలలు లేదా ఏడాదిలో నయం చేసే బహుళ ఔషధ చికిత్సను ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసింది 1980ల మొదట్లో. అంటే ఆవిడ ఆ పని మొదలుపెట్టేనాటికి ఆ చికిత్స రావడానికి ఇంకా ఇరవై ఏళ్ళకు పైనే ఉంది.

ఆ పని దగ్గర నుంచి చూస్తే ఎలా ఉంటుందో కాస్త చెబుతాను. కుష్ఠులో నరాలు దెబ్బతింటాయి. అరికాలికి నొప్పి తెలియదు. చెప్పులో రాయి పడినా తెలియదు, వేడి గిన్నె పట్టుకున్నా తెలియదు. పొద్దున్నుంచి నడిచిన మనిషికి సాయంత్రం పాదం కింద పుండు పడి ఉంటుంది. మనకైతే నొప్పే కాపలా కాస్తుంది, వాళ్ళకు ఆ కాపలా లేదు. అందుకే రోజూ కూర్చుని పాదాలు కళ్ళతో చూసుకోవాలి. కాసేపు నీళ్ళలో నానబెట్టాలి, గట్టిపడ్డ చర్మాన్ని మెల్లగా గీకాలి, తడి ఆరకముందే నూనె రాయాలి. లోపల మెత్తటి రబ్బరు అట్ట, కింద గట్టి అట్ట ఉన్న చెప్పులు ప్రత్యేకంగా కుట్టించాలి. మేకులు కొట్టిన చెప్పులు పనికిరావు, ఎందుకంటే మేకు పైకి లేచినా వాళ్ళకు తెలియదు. పుండుకు కట్టు మార్చాలి, మళ్ళీ మార్చాలి, రేపు మళ్ళీ మార్చాలి. ఏ రోజూ ఎవరూ రిబ్బన్ కత్తిరించరు, ఎవరూ ఫొటో తీయరు. ఇలాంటి పని కోసం ఒక సంస్థానం రాణి ఆశ్రమం కట్టి, నాలుగేళ్ళు నడిపి, ఆ తర్వాత నగరానికి మేయర్ అయ్యారు. ఈ వరస ముఖ్యం అనిపిస్తుంది నాకు. పదవి వచ్చాక ఏం పని చేద్దామని ఆవిడ వెతుక్కోలేదు. చేతిలో పని ఉండగా పదవి వచ్చింది.

ఇంకో మాట కూడా. 1958లో కూకట్‌పల్లి నగరం కాదు, ఊరి బయట ఊరు. కుష్ఠు ఆశ్రమాలను అందరూ ఊరి బయటే కట్టేవారు, అక్కడే కట్టనిచ్చేవారు. తర్వాత ఊరే నడిచి అక్కడికి వచ్చింది. 2007 ఏప్రిల్‌లో చుట్టుపక్కల 12 మున్సిపాలిటీలను కలిపి గ్రేటర్ హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్ (జీహెచ్‌ఎంసీ) చేసినప్పుడు కూకట్‌పల్లి కూడా నగరంలో భాగమైంది. ఇప్పుడక్కడ మెట్రో స్టేషన్లు, మాల్స్, గజం ధర అడగడానికే భయం వేసే ప్లాట్లు. ఎవరినైతే నగరం బయటకు పంపిందో వాళ్ళు ఈ రోజు నగరం నడిమధ్య ఉన్నారు. అంటే వాళ్ళు మీ ఓటర్లు. మీ వార్డు మనుషులు.

ఇక మేయర్ సంగతి. అప్పటి కార్పొరేషన్ ఎలాంటిదో తెలిస్తేనే ఆవిడ ఎక్కిన మెట్టు ఎంత ఎత్తో తెలుస్తుంది. 1869లో నగరానికి, చాదర్‌ఘాట్‌కు వేర్వేరుగా మున్సిపల్ ఏర్పాట్లు మొదలయ్యాయి. 1933లో రెండూ కలిసి కార్పొరేషన్ అయింది. హైదరాబాద్ భారతదేశంలో కలిశాక 1951లో మాడపాటి హనుమంతరావు గారు మేయర్ అయ్యారు. నారాయణగూడలో ఆడపిల్లల కోసం తెలుగు మాధ్యమంలో బడి పెట్టిన మనిషి ఆయన. నగరానికి మేయర్ కాకముందే ఆయనా ఒక సంస్థను కట్టిన మనిషే, గమనించండి. 1960 ఆగస్టులో సికింద్రాబాద్ కార్పొరేషన్‌ను హైదరాబాద్‌లో కలిపేశారు. కలిపిన రెండేళ్ళకే, రెండు నగరాల మనుషులు, రెండు ఆఫీసుల ఉద్యోగులు ఇంకా పూర్తిగా ఒకటి కాకముందే, 1962లో కుముదినీదేవి ఆ కుర్చీలో కూర్చున్నారు.

అప్పటికి రిజర్వేషన్ అన్న మాటే లేదు. మేయర్‌ను ఏటా సభ్యులే ఎన్నుకునేవారు, ఆ సభ్యుల్లో దాదాపు అందరూ మగవాళ్ళే. వాళ్ళ ఓటుతో ఆవిడ గెలవాలి, వాళ్ళను ఎదురుగా కూర్చోబెట్టుకుని సభ నడపాలి. దేశంలో కూడా ఇది అప్పుడప్పుడే మొదలైంది. మన నగరంలో పుట్టిపెరిగిన సరోజినీ నాయుడు 1923లోనే బొంబాయి కార్పొరేషన్‌కు ఎన్నికయ్యారు గానీ, మేయర్ పదవి ఆడవాళ్ళకు దక్కడానికి ఇంకో ముప్పై ఏళ్ళకు పైనే పట్టింది. 1956లో మద్రాసుకు తారా చెరియన్, బొంబాయికి సులోచనా మోదీ, 1958లో ఢిల్లీకి అరుణా అసఫ్ అలీ. ఆ వరసలో 1962లో మన హైదరాబాద్. చాలా నగరాలకంటే మనం ముందే ఉన్నాం. ఈ మాట చెప్పుకోవడానికి నాకు గర్వంగా ఉంది, మీకూ ఉండాలి.

అదే కాలంలో ఆవిడ వనపర్తి నుంచి శాసనసభకు కూడా వెళ్ళారు, 1972 వరకు ఎమ్మెల్యేగా ఉన్నారు. కుముదినీదేవి తర్వాత 1965-66లో సరోజినీ పుల్లారెడ్డి మేయర్ అయ్యారు. ఆవిడా తర్వాత శాసనసభకు వెళ్ళారు, మంత్రి కూడా అయ్యారు. నాలుగేళ్ళలో ఇద్దరు ఆడవాళ్ళు మేయర్లు. ఇక దారి పడిందని ఎవరైనా అనుకుంటారు.

ఆ తర్వాత ఏం జరిగిందో మీరు జాగ్రత్తగా వినాలి. మూడో మహిళా మేయర్ బండ కార్తీకరెడ్డి వచ్చింది 2009 డిసెంబరులో. మధ్యలో 43 ఏళ్ళు. ఇన్నేళ్ళు ఆడవాళ్ళు ఎందుకు రాలేదని అడిగితే మగవాళ్ళు రానివ్వలేదని ఒక్క ముక్కలో చెప్పేస్తాం. అది నిజమే గానీ సగం నిజం. 1970లో పాలకవర్గం పోయింది. 1986 దాకా ఎన్నికలే పెట్టలేదు, ప్రత్యేకాధికారులే నడిపారు. 1986లో ఎన్నికైన పాలకవర్గం 1991లో ముగిసింది. మళ్ళీ ఎన్నికలు 2002లో. ఆ పాలకవర్గం 2007లో ముగిస్తే మళ్ళీ ఎన్నికలు 2009లో. అంటే ఆ 43 ఏళ్ళలో సగానికి పైగా కాలం ఈ నగరానికి ఎన్నికైన పాలకవర్గమే లేదు. మేయరూ లేరు, కార్పొరేటరూ లేరు. ఒక ఐఏఎస్ అధికారి సంతకంతో నగరం నడిచింది. ఎమ్మెల్యే ఎన్నికలు ఇలా పదేళ్ళు, పదిహేనేళ్ళు ఆపితే ఊరుకుంటామా? నగర ఎన్నికలు ఆపితే మాత్రం ఎవరికీ పట్టలేదు. ఒక అమ్మాయి పాతికేళ్ళ వయసులో వార్డు రాజకీయాల్లోకి వద్దామనుకుని 1970లో ఎదురుచూడటం మొదలుపెడితే, మొదటి అవకాశం వచ్చేసరికి నలభై దాటేది. మగవాడికైతే పార్టీలో ఇంకో పదవి, మార్కెట్ కమిటీ, సహకార సంఘం, ఏదో ఒకటి దొరుకుతుంది. ఆడవాళ్ళకు ఇంటికి దగ్గరగా, గడప దాటగానే అందేది వార్డు ఒక్కటే. ఎన్నిక లేకపోతే ముందు మూతపడేది వాళ్ళ దారే.

అందుకే 74వ రాజ్యాంగ సవరణను నేను చాలా గౌరవిస్తాను. 1993 జూన్‌లో అమల్లోకి వచ్చిన ఆ సవరణ రెండు పనులు చేసింది. ఆడవాళ్ళకు మూడో వంతుకు తగ్గకుండా సీట్లు కేటాయించాలంది. పదవీకాలం ఐదేళ్ళే, అది ముగిసేలోపే ఎన్నికలు జరగాలి, మధ్యలో రద్దు చేస్తే ఆరు నెలల్లో జరగాలంది. మొదటిది మనందరికీ తెలుసు. మన దగ్గర అది సగం దాకా పెరిగింది కూడా. రెండోదాన్ని మాత్రం మనం పట్టించుకోం. రెండోది లేకుండా మొదటిది కాగితం మీద మాటే. ఎన్నికే జరగని సీటులో సగం రిజర్వేషన్ ఉంటే ఎంత, మొత్తం ఉంటే ఎంత? కాబట్టి పదవీకాలం ముగిసి ప్రత్యేకాధికారి వచ్చిన ప్రతిసారీ మొదట గొంతెత్తాల్సింది మీరు. పార్టీ ఏదైనా సరే. మీ పార్టీ అధికారంలో ఉండి ఎన్నికలు వాయిదా వేస్తుంటే ఇంకా గట్టిగా మాట్లాడాలి.

ఇప్పుడు మీకు నచ్చని విషయానికి వస్తాను. కోపం తెచ్చుకోకుండా చదవండి.

మా వీధిలో మ్యాన్‌హోల్ పొంగి మురుగు గుమ్మాల దాకా వస్తే, మేం కొంతమంది ఆడవాళ్ళం కలిసి కార్పొరేటర్ ఆఫీసుకు వెళ్ళాం. సీటు మహిళకు రిజర్వు అయిన వార్డు, గెలిచింది మహిళ. ఆఫీసు బయట ఫ్లెక్సీలో ఆవిడ ఫొటోకంటే భర్త ఫొటో పెద్దది. లోపల ఉన్న కుర్రాడు, "సార్ బయటికి పోయిండు, గంటల వస్తడు" అన్నాడు. మేడమ్‌ను కలవాలి అన్నాం. "మేడమ్ ఇంట్ల ఉంటది. పనులన్నీ సారే చూసుకుంటడు" అన్నాడు, చాలా మామూలుగా. మా అర్జీ మీద సిఫారసు ఉత్తరం కావాలంటే సొరుగు లాగి ఒక లెటర్‌హెడ్ తీశాడు. కాగితమంతా తెల్లగా ఉంది. కింద మాత్రం ఆవిడ సంతకం ముందే ఉంది. అలాంటి కాగితాలు ఆ సొరుగులో ఒక కట్ట ఉన్నాయి. మాతో వచ్చిన పెద్దావిడ ఆ కాగితాన్ని చేత్తో పట్టుకుని చాలాసేపు అలాగే చూసింది. మురుగు సంగతి తర్వాత తేలింది గానీ, ఖాళీ కాగితం మీది ఆ సంతకం నా మనసులోంచి పోలేదు.

ఆ కార్పొరేటర్‌ను నేను తప్పు పట్టడం లేదు. ఆవిడ పరిస్థితి ఎలా ఉంటుందో ఏ ఆడమనిషికైనా తెలుసు. రిజర్వేషన్ వచ్చింది, పార్టీ వాళ్ళు భర్తను అడిగారు, భర్త ఇంటికొచ్చి ఆధార్ కార్డు ఇవ్వమన్నాడు. ప్రచారంలో ఆవిడ చేతులు జోడించి నడిచింది, మాట్లాడింది ఆయన. గెలిచాక రాత్రి పదింటికి ఫోన్లు, పోలీస్ స్టేషన్‌లో పంచాయితీలు, కాంట్రాక్టర్లతో బేరాలు. పిల్లల బడి, అత్తగారి మందులు, వంట, ఏదీ తగ్గలేదు. ఆయన చూసుకుంటానంటే హమ్మయ్య అనుకుని ఉంటుంది. అలవాటు అక్కడ మొదలవుతుంది. పంచాయతీల్లో ఈ సర్పంచ్ భర్తల వ్యవహారం మీద సుప్రీంకోర్టు దాకా ఫిర్యాదు వెళ్ళింది, కేంద్రం 2023లో ఒక కమిటీని కూడా వేసింది. నగరంలో చదువుకున్నవాళ్ళం, మన దగ్గర అలాంటిది లేదని మనం అనుకుంటాం. ఉంది. బోర్డు మాత్రమే వేరు.

కానీ చూడండి, చట్టం దృష్టిలో ఆ సంతకం మీదే. రేపు బిల్లుల్లో తేడా వస్తే నోటీసు వచ్చేది మీ పేరు మీదే. ఆయన పేరు ఏ ఫైల్లోనూ ఉండదు. పేరు మీది, పెత్తనం ఆయనది, కేసు మళ్ళీ మీది. ఈ ఒక్క లెక్క చాలు, సొరుగులోని ఆ ఖాళీ కాగితాలన్నీ ఈ రోజే చించేయడానికి.

"రాణీగారితో మాకు పోలికా? ఆవిడకు సంస్థానం ఉంది, చదువు చెప్పించే తండ్రి ఉన్నాడు, డబ్బుంది. మేం బస్తీ నుంచి వచ్చాం" అని మీరు అనొచ్చు. ఈ మాటలో న్యాయం ఉంది, దాన్ని దాటేసి పోను. 1962లో మేయర్ కావడానికి ఒక మహిళ రాణి అయి ఉండాల్సి వచ్చింది. అంత వెనకబలం లేని మహిళ ఆ గుమ్మం దాకా రావడమే కష్టం. ఈ రోజు కుట్టు మిషన్ మీద బతికే మహిళ, అంగన్‌వాడీలో పనిచేసి వచ్చిన మహిళ, ఆటో నడిపే ఆయన భార్య కార్పొరేటర్లు అవుతున్నారంటే అది రిజర్వేషన్ పుణ్యమే. నగరానికి ఇది చాలా పెద్ద లాభం. నల్లా నీళ్ళు ఎన్నింటికి వస్తాయో, బస్తీ దవాఖానాలో మందులు ఉన్నాయో లేవో, బడి మరుగుదొడ్డికి గడియ ఉందో లేదో రాణీగారికంటే మీకే బాగా తెలుసు. ఆవిడ దగ్గర లేని ఆ విషయజ్ఞానం మీ దగ్గర ఉంది. మీ దగ్గర తక్కువైంది ఆవిడకు ఉన్న ధీమా. ఈ పని నాది, దీన్ని నేనే చేస్తాను అనే ధీమా. అది సంస్థానం ఇచ్చింది కాదని నేను అనుకుంటాను. సంస్థానాలు ఉన్న రాణులు చాలామంది ఉన్నారు, పుండ్లకు కట్లు కట్టించే ఆశ్రమం కట్టింది ఎందరు?

ధీమా ఎలా వస్తుందంటే, కాగితం చదవడంతో వస్తుంది. 1955 నాటి కార్పొరేషన్ల చట్టం ప్రకారమే మన నగరపాలన నడుస్తోంది. అందులో అధికారం మూడు చోట్ల ఉంటుంది: కౌన్సిల్, స్టాండింగ్ కమిటీ, కమిషనర్. రోజువారీ అమలు కమిషనర్ చేతిలో ఉంటుంది, నిజమే. మేయర్‌కే అంతంతమాత్రం అధికారాలైతే కార్పొరేటర్‌కు ఏముంటాయని నిరుత్సాహపడతారు కొందరు. కానీ ప్రశ్న అడిగే హక్కు మీది. బడ్జెట్ కౌన్సిల్ ముందుకు రావాలి. స్టాండింగ్ కమిటీని ఎన్నుకునేది మీరు, అందులో కూర్చునేదీ మీరే. వీటిని వాడుకున్న కార్పొరేటర్‌కు, వాడుకోని కార్పొరేటర్‌కు మధ్య తేడా వార్డులో కళ్ళకు కనిపిస్తుంది.

మీ వార్డులో సీసీ రోడ్డు వేశారనుకోండి. ఎస్టిమేట్ కాపీ అడగండి. పొడవు, వెడల్పు, మందం అందులో ఉంటాయి. పని అయ్యాక ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) కొలిచి ఎం-బుక్‌లో, అంటే కొలతల పుస్తకంలో రాస్తారు, పైన డీఈ (డిప్యూటీ ఇంజినీరు) చెక్ చేస్తారు. ఎం-బుక్‌లో ఎంత రాస్తే కాంట్రాక్టర్‌కు అంత బిల్లు. కాబట్టి ఏఈ కొలిచే రోజు మీరు అక్కడ ఉండండి. టేపు రెండో కొస మీరే పట్టుకోండి. రోడ్డు అంచు దగ్గర, మట్టి నింపకముందు, కాంక్రీటు ఎంత మందం ఉందో కంటికి తెలిసిపోతుంది. ఒక్కసారి మీరు అలా నిలబడితే చాలు, వార్డులో తర్వాతి పనులన్నీ వేరేలా జరుగుతాయి. "సార్‌తో మాట్లాడతాం మేడమ్" అని ఎవరూ అనరు. ఎవరితో మాట్లాడాలో వాళ్ళకు అర్థమైపోతుంది.

తెల్లవారకముందే మీ వీధులు ఊడ్చే సఫాయి కార్మికులను చూడండి. వాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు. చీర మీద కార్పొరేషన్ జాకెట్, చేతిలో పొడుగు చీపురు, ముక్కుకు కొంగు. ఊడ్చే వీధిలో వాళ్ళు వెళ్ళడానికి మరుగుదొడ్డి ఉందా? నెలసరి రోజుల్లో ఎక్కడికి వెళ్తారు? హాజరు వేసే ఎస్‌ఎఫ్‌ఏ (శానిటరీ ఫీల్డ్ అసిస్టెంట్) వాళ్ళతో ఎలా మాట్లాడతాడు? జీతంలో కోతలు ఎందుకు పడుతున్నాయి? మగ కార్పొరేటర్‌కు ఈ మాటలు వాళ్ళు ఎన్నటికీ చెప్పుకోరు. మీకు చెబుతారు. ఒక పొద్దున వెళ్ళి వాళ్ళతో టీ తాగండి చాలు.

కుష్ఠు విషయంలో కూడా మీతో ఒక పని ఉంది. 2008లో ఒడిశా నుంచి ఒక కేసు సుప్రీంకోర్టుకు వెళ్ళింది. కుష్ఠు ఉన్న వ్యక్తి మున్సిపల్ పదవికి అనర్హుడని అక్కడి చట్టంలో ఉంటే, గెలిచినవాళ్ళు పదవి కోల్పోయారు. కోర్టు ఆ నిబంధనను కొట్టేయలేదు, కానీ వైద్యం ఇంత ముందుకు వెళ్ళాక శాసనకర్తలు దాని గురించి మళ్ళీ ఆలోచించాలని చెప్పింది. మందులతో పూర్తిగా నయమయ్యే, ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా మందులు దొరికే జబ్బు అది. అయినా ఆ జబ్బు పేరు చెప్పి ఒక మనిషిని కౌన్సిల్‌లో కూర్చోనివ్వకపోవడం ఏం న్యాయం? జీవితమంతా కుష్ఠు రోగుల మధ్య గడిపిన మహిళ మేయర్‌గా కూర్చున్న నగరం మనది. మన చట్టంలో అనర్హతల సెక్షన్ తీసి ప్రతి గీతా చదవండి. జబ్బు పేరుతోనో, చెవులు వినపడవు, మాట రాదు అనే పేరుతోనో మనిషిని బయట నిలబెట్టే మాట ఒక్కటి కనిపించినా, దాన్ని తీసేయమని కౌన్సిల్‌లో తీర్మానం పెట్టండి. ఆ తీర్మానానికి ఏ పార్టీ అడ్డు చెప్పదని నా నమ్మకం. అడ్డు చెబితే ఎవరు చెప్పారో మాకు తెలియాలి కూడా.

కుముదినీదేవి 2009 ఆగస్టు 6న కన్నుమూశారు, 98 ఏళ్ళ వయసులో. మూడో మహిళా మేయర్ ఎన్నికైంది అదే ఏడాది డిసెంబరులో. నాలుగు నెలల తేడాతో ఆవిడ అది చూడలేకపోయారు. ఈ సంగతి తెలిసినప్పుడు నాకు చాలా బాధ కలిగింది. 2021లో గద్వాల విజయలక్ష్మి మేయర్ అయ్యారు. పేర్లు వరసగా చెప్పుకోవడానికి ఇప్పటికీ ఒక చేతి వేళ్ళు సరిపోతున్నాయి.

మేయర్‌గా కుముదినీదేవి ఏ రోజు ఏ తీర్మానం చేశారు, ఏ పనికి పట్టుబట్టారు, సభలో ఎవరికి ఏం జవాబు చెప్పారు అనేది ఆ కాలపు కౌన్సిల్ మినిట్స్‌లో, అంటే సభలో జరిగింది రాసిపెట్టే పుస్తకాల్లో ఉండాలి. సభ నడిచినప్పుడు మినిట్స్ రాయడం తప్పనిసరి. ఆవిడ ఆశ్రమం గురించి అంతో ఇంతో చదవగలుగుతున్నాం, ఆవిడ నడిపిన సభల గురించి ఒక పేజీ అయినా సామాన్యుడి చేతికి అందడం లేదు. సరోజినీ పుల్లారెడ్డి గారి విషయంలోనూ అంతే. కాగితం పసుపు రంగు తిరిగి, పొడి రాలి, చెదలు పట్టి పోయేలోపు ఆ మినిట్స్ పుస్తకాలను బయటికి తీయించండి. స్కాన్ చేయించి కార్పొరేషన్ వెబ్‌సైట్‌లో పెట్టించండి. దీనికి కోట్లు అక్కర్లేదు, మెషీన్లు కొనక్కర్లేదు. ఒక కార్పొరేటర్ లేచి ప్రశ్న అడగాలి, ఇంకొకరు బలపరచాలి, స్టాండింగ్ కమిటీలో చిన్న మొత్తం మంజూరు చేయాలి.

నా కోరికలు ఇవే. ఖాళీ కాగితాల మీద సంతకాలు ఆపండి. కొలతల రోజు టేపు పట్టుకోండి. ఎన్నికలు ఆలస్యమైతే మాట్లాడండి. 1962 నాటి మినిట్స్ కోసం ఈసారి కౌన్సిల్ సమావేశంలో ప్రశ్న వేయండి. ప్రశ్న ముందుగా రాసి ఇవ్వాలి కాబట్టి గడువు తేదీ మీ వార్డు ఆఫీసులో కనుక్కోండి. ప్రశ్న మీరే రాయండి, మీ చేత్తో. ఎవరు అడిగారో తెలిస్తే, ఆ రోజు గ్యాలరీలో కూర్చోవడానికి మా వీధి ఆడవాళ్ళం వస్తాం.

మీ
నగర ఓటరు ఒకరు